మొదటి గీత మీద ముల్లు

“మీ కాక తొందరపడ్డడా, బిడ్డా?”

కాలిన గాయాల వార్డు బయట ఇనుప బెంచీ మీద కూర్చుని చిన్నమ్మ నన్ను అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి కాక ఇంకా బతికే ఉన్నాడు. డాక్టర్లు ఏమంటున్నారని ఆమె అడగలేదు, ఎన్నాళ్లు పడుతుందనీ అడగలేదు. వార్డు తలుపు తెరుచుకున్నప్పుడల్లా బయటికి వచ్చే వాసనే ఆమెకు ఆ జవాబులు చెప్పేసినట్టుంది. ఆమెకు తెలియవలసింది ఇంకొకటి. ఈ ఆపద తన భర్త చేతులారా తెచ్చుకున్నదా, కాదా? తెచ్చుకున్నదేనని మిల్లు నుంచి వచ్చినవాళ్లు పరామర్శలో భాగంగానే చెప్పి వెళ్లారు. మా గల్లీలోనూ ఆ మాట అప్పటికే తిరుగుతోంది. హెల్పర్ ఆపరేటర్ అయ్యాడు, తన పనితనం చూపించుకోవాలని ఆత్రపడ్డాడు, మూత ముందే తీశాడు.

నన్నే అడగడానికి కారణం ఉంది. మా ఇంట్లో ప్రశ్నలు వేసే మనిషిని నేనే. కాలేజీలో ఉన్న రోజుల్లో వాదన పోటీలకు తిరిగాను. ఎదుటివాళ్లు నిలబడిన నేల ఏమిటో ముందు చూడాలని, వాళ్లు ఏది రుజువు అక్కరలేనిదిగా అనుకుంటున్నారో దాన్నే అడగాలని అక్కడ నేర్పారు. ఆ అలవాటు ఇప్పుడు సూరత్‌లో నేను లెక్కలు చూసే సలాబత్‌పురా చీరల దుకాణంలో ఎవరికీ నచ్చదు. ఇంట్లో కాకకు మాత్రం నచ్చేది. నన్ను వకీలమ్మా అని పిలిచేవాడు.

కాక మా బాపుకు తమ్ముడు. సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చిన కుటుంబాల్లో మాది ఒకటి. అన్నదమ్ములిద్దరూ మొదట పవర్‌లూమ్ కార్ఖానాల్లో పనిచేశారు. చెవులు ఆ చప్పుడుకు ఓర్చుకోలేకపోతున్నాయని బాపు బట్టకు రంగువేసే మిల్లులోకి మారాడు. అన్న వెనకే తమ్ముడూ వెళ్లాడు. అక్కడ బాపు జెట్ ఆపరేటర్, కాక ఆయనకు హెల్పర్.

జెట్ అంటే పడుకోబెట్టిన పెద్ద ఉక్కు పీపా లాంటి యంత్రం. పాలియెస్టర్ బట్టను తాన్లకు తాన్లు అందులోకి ఎక్కించి, రంగునీళ్లు నింపి, మూతను బోల్టులతో బిగించి, నీళ్లు మామూలుగా మరిగే వేడిని దాటేదాకా ఆవిరి పట్టిస్తారు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఎలా పనిచేస్తుందో అదీ అలాగే పనిచేస్తుంది. రంగు పట్టాక ఆవిరి వాల్వు మూసి, లోపలి ఒత్తిడి పోయేందుకు ఇంకో వాల్వు తెరుస్తారు. ఆ ఒత్తిడి గొట్టం గుండా కప్పు మీదికి పోతుంది కాబట్టి కింద ఉన్న మనిషికి కనిపించదు, అన్ని యంత్రాలు మోగుతున్న ఆ షెడ్డులో వినిపించదు కూడా. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో చెప్పేది మీటర్‌లోని ముల్లు ఒక్కటే. ముల్లు సున్నాకు వచ్చాక మూత తీయాలి. ఇది అన్ని జెట్‌లకూ వర్తించే నియమం.

మూడో నంబరు జెట్‌కు మాత్రం వర్తించదు. దాని ముల్లు ఎప్పుడూ సున్నాకు రాదు. దిగుతూ దిగుతూ వచ్చి సున్నాకు పైనున్న మొదటి గీత మీద ఆగిపోతుంది. సెలవు రోజున యంత్రం ఖాళీగా, చల్లగా పడి ఉన్నప్పుడు కూడా ముల్లు ఆ గీత మీదే ఉంటుంది. కనుక మూడో నంబరుకు మొదటి గీతే సున్నా. ఈ మాట బాపుకు ఆయనకంటే ముందు ఆ యంత్రం నడిపిన ఒడిశా మనిషి చెప్పాడు. ఆయనకెవరు చెప్పారో తెలియదు. మీటర్ మార్చమని బాపు ఒకటి రెండుసార్లు అడిగాడట. మిషన్ నడుస్తోంది కదా, ఎందుకు తొందర అన్నారట. ఆ తర్వాత అడగడం మానేసి, ఆ గీతను ఆ యంత్రం స్వభావంగా తీసుకున్నాడు. మూడో నంబరు నా మాట తప్ప ఎవ్వల మాట ఇనదు అని చెప్పుకోవడం ఆయనకు ఇష్టం.

నువ్వు చేసే పనిని ఒక కాగితం మీద రాసుకుందాం బాపూ అని నేనొకసారి అన్నాను. ఆదివారం సాయంత్రం, డుమస్ సముద్రతీరాన, ఇరుకుటుంబాలమూ టమాటా భజియాల బండి చుట్టూ నిలబడి ఉన్నాం. బాపు నవ్వి కొట్టిపారేశాడు.

“రాసిచ్చినంక ఇగ నన్నెందుకు పెట్టుకుంటరు బిడ్డా? కాయితాన్నే పెట్టుకుంటరు.”

“ముందుగాల ఈ భజియ ఎట్ల చేస్తున్నడో రాపిచ్చుకో, వకీలమ్మా,” అన్నాడు కాక, వేడి ముక్కను నోట్లో అటూ ఇటూ తిప్పుకుంటూ. “రేపు ఈ భాయ్ ఊరికి పోతే మనందరం ఉపాసముండాలె.”

బాపు మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. పని తన తలలో ఉన్నంతకాలమే తనకు విలువ అని నమ్మే మనిషిని తప్పుపట్టడం సులువు. కానీ ఆ నమ్మకాన్ని ఆయన గాలిలోంచి తెచ్చుకోలేదు. ఆ మిల్లులో ఎవరిని ఎప్పుడు వద్దంటారో చెప్పే నియమం ఏదీ రాసి లేదు. అలాంటి చోట పని ఒక్కటి మాత్రం రాసి ఉండాలని కోరడం ఏకపక్షమైన కోరికే.

తర్వాత బాపుకు కంటికి శుక్లం ముదిరింది. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు వేడికీ ఆవిరికీ దూరంగా ఉండాలన్నారు. అన్న చోట తమ్ముడు నిలబడటం సహజంగానే జరిగిపోయింది. ఏళ్లుగా పక్కనే ఉండి చూసిన మనిషి కనుక మేనేజరు కూడా మారు మాట్లాడలేదు. కాక సంతోషపడ్డాడు, అందులో దాపరికం లేదు. ఆపరేటర్‌నయ్యానని చిన్నమ్మకు చెప్పి, కొత్త చెప్పులు కొనుక్కున్నాడు. రోజూ పని నుంచి వస్తూ మా ఇంటి ముందు ఆగి, కంటికి పచ్చగుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చున్న అన్నకు ఆనాటి సంగతులు అప్పజెప్పి పోయేవాడు. మూడో నంబరు నిన్ను యాద్జేస్తున్నది అన్నా, ఏడ్చేడ్చి ముల్లు గీతకాన్నే ఆగింది అని నవ్వించేవాడు.

అలా చెప్పిన సంగతుల్లో ఒకటి చాయ గురించి. అప్పటిదాకా మిల్లువాళ్లు చాయ తాగాలంటే గేటు బయట ఉన్న తోపుడుబండి దగ్గరికి పోవలసిందే. షెడ్డు దాటి, బాయిలర్ దాటి, గేటు దగ్గర చీటీ చూపించి వెళ్లాలి. రానూ పోనూ చాలాసేపు పడుతుంది. అందరూ ఇలా తిరగడం వల్ల పని పోతోందని, ఇకపై చాయను యంత్రాల దగ్గరికే పంపుతామని మేనేజరు నోటీసు పెట్టాడు. గుజరాతీలోనూ హిందీలోనూ టైపు చేయించి, ముద్ర వేసి, బోర్డుకు అంటించారు.

“ఇగ చాయ మన కాడికే వస్తదట అన్నా,” అన్నాడు కాక. “సేఠ్ మనల్ని అల్లుండ్ల లెక్క చూస్తున్నడు. రేపు తలంటు గూడ పోస్తడో ఏమో.”

బాపు నవ్వాడు. మేమందరం నవ్వాం. ఆ ఏర్పాటు మొదలైన రెండో రోజు మూడో నంబరు మూత కాక మీద విరుచుకుపడింది.

బాపు ఆసుపత్రికి ఆ పచ్చగుడ్డతోనే వచ్చాడు. ఆవిరీ రంగునీళ్లూ కాకను మెడ నుంచి నడుము దాకా కాల్చేశాయి. మొహాన్ని సగమే వదిలాయి. చర్మానికి అంటిన ముదురు నీలం రంగును నర్సులు పూర్తిగా తుడవలేకపోయారు. కాక మధ్యమధ్య తెలివిలోకి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ అన్న కోసం చూసేవాడు. ఒకసారి బాపు వంగి చెవి దగ్గర పెట్టినప్పుడు స్పష్టంగా అన్నాడు.

“గీత మీదనే ఉండె, అన్నా.”

ఆయన మాటల్లో అర్థమైనవాటిలో అదే చివరిది. ఆ వారం గడవకముందే పోయాడు.

దినాలు ఇంకా కాకముందే మేనేజరు ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడే. చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చుని, కాక మంచితనం గురించి మాట్లాడాడు. ప్రమాదం మీద విచారణ జరుగుతుందని, సీనియర్ ఆపరేటర్‌గా బాపు మాట అందులో ముఖ్యమని చెప్పి ఒక కాగితం ఇచ్చాడు. గుజరాతీలో ఉన్న దాన్ని నేను చదివాను. ముల్లు సున్నాకు వచ్చేదాకా మూత తీయకూడదని మృతుడికి నేను పలుమార్లు చెప్పాను, ఆయన తొందరపాటుతో నా సూచనను పాటించలేదు అన్నది దాని సారం. కింద బాపు సంతకానికి చోటు వదిలారు. కళ్లు బాగుపడగానే బాపు పనిలోకి రావచ్చని, చిన్నమ్మకు ప్యాకింగ్‌లో చోటు చూస్తానని కూడా మేనేజరు అన్నాడు. ఈ రెంటికీ ఆ కాగితానికీ సంబంధం ఉందని ఆయన అనలేదు. అనవలసిన అవసరం లేదు.

బాపు ఆ రోజు సంతకం పెట్టలేదు. పెట్టననీ అనలేదు. ఆయనను పట్టి ఉంచింది ధైర్యమూ కాదు, భయమూ కాదు. నిజంగా ఏం జరిగిందో ఆయనకే తెలియలేదు. మొదటి గీతే సున్నా అని తాను నేర్పాడు, అది నిజం. ఆ లెక్కతోనే తాను అన్నేళ్లు మూత తీశాడు, ఏనాడూ ఏమీ కాలేదు, అదీ నిజం. మరి ముల్లు గీత మీద ఉండగా తీసిన తమ్ముడి మీద మూత ఎందుకు లేచింది? ఈ రెండు నిజాలూ నిలవాలంటే మూడోది అబద్ధం కావాలి. కాక గీతదాకా ఆగి ఉండడు. అంటే చివరి మాటగా అన్నకు అబద్ధం చెప్పి ఉంటాడు.

“ఆగలేదేమో,” అన్నాడు బాపు ఒక మధ్యాహ్నం, నా వైపు చూడకుండా. “ఆగిన అనుకున్నడేమో.”

చిన్నమ్మ ప్రశ్నకు మా ఇంట్లో తయారవుతున్న జవాబు అది. నాకది మింగుడు పడలేదు. కాక మీది ప్రేమ ఒక కారణం, ఒప్పుకుంటాను. రెండో కారణం వాదనకు సంబంధించినది. ఎదుటివాళ్ల రుజువులన్నీ సరిగానే ఉండి, తేలిన ముగింపు మాత్రం పొసగనప్పుడు, ఎవరూ చెప్పకుండా వదిలేసిన ఆధారం ఒకటి ఉంటుంది. ఎవరూ దాచరు. అందరికీ అది గాలిలా ఉంటుంది కనుక కనిపించదు, అంతే.

నువ్వేం చేస్తావో మొదటి నుంచి చెప్పు బాపూ అని అడిగాను. చెప్పాడు. నేను రాసుకున్నాను. ఆవిరి బంద్ చేస్తా, ఒత్తిడి వాల్వు తెరుస్తా, ముల్లు చూస్తా, గీత మీదికి వస్తది, బోల్టులు ఇప్పుతా. మళ్లీ అడిగాను. మాట పొల్లుపోకుండా మళ్లీ అదే చెప్పాడు. అందులో తప్పు లేదు, చీలిక లేదు. అప్పుడు చెప్పొద్దు, చేసి చూపించు అన్నాను.

విసుక్కున్నాడు. ఇంట్లో జెట్ యాడుందే అన్నాడు. బట్టల బీరువానే జెట్ అనుకో అన్నాను. అమ్మ నన్ను కోపంగా చూసింది, చచ్చిన మనిషి మీద ఆటలేంది అంది. కానీ బాపు లేచాడు. బహుశా కూర్చుని ఉండలేకే లేచాడు.

బీరువా ముందు నిలబడ్డాక ఆయన మారిపోయాడు. భుజం మీది తువ్వాల తీసి చేతికి చుట్టుకున్నాడు, వేడి వాల్వును పట్టుకోవడానికి. లేని చక్రాన్ని మూడు చుట్లు తిప్పి మూశాడు. నడుము వంచి, కుడిచేత్తో రెండోదాన్ని తెరిచాడు. తలెత్తి, బీరువా పైభాగంలో మీటర్ ఉండే చోటును మంచి కంటితో చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు అలాగే చూశాడు. ఆయనకు నిజంగానే ముల్లు దిగుతూ కనిపిస్తోందని అనిపించింది. తర్వాత తల ఆడించాడు. తువ్వాలతో చేతులు తుడుచుకుని, దాన్ని మళ్లీ భుజాన వేసుకుని, బీరువాకు వీపు తిప్పి గుమ్మం వైపు నడిచాడు. ఒక కాలు చెప్పులో పెట్టాడు.

“ఎటు పోతున్నవ్ బాపూ?”

“చాయకు,” అన్నాడు.

అన్నాక ఆగిపోయాడు. రెండో చెప్పు తొడగలేదు. గుమ్మంలో అలాగే కూర్చున్నాడు. అమ్మ వెళ్లి పట్టుకుంది. ఏమైందని ఆమె అడుగుతూనే ఉంది, ఆయన నన్నే చూస్తున్నాడు.

ముల్లు ఎందుకు గీత దగ్గర ఆగుతుందో అప్పుడు మాకిద్దరికీ ఒకేసారి తెలిసింది. అక్కడ పట్టేస్తుంది, అంతే. లోపల ఒత్తిడి పూర్తిగా పోయిందని కాదు, ముల్లు ఇక కిందికి రాలేదని. గీతను తాకిన క్షణంలో లోపల ఇంకా గీతంత ఒత్తిడి ఉంటుంది. అక్కడి నుంచి సున్నా దాకా అది తగ్గడం ముల్లులో కనిపించదు. కనిపించని ఆ కాసేపూ బాపు గేటు బయట, చాయ బండి దగ్గర, గాజు గ్లాసు పట్టుకుని నిలబడి ఉండేవాడు. ఆయనకంటే ముందు ఒడిశా మనిషి కూడా నిలబడే ఉంటాడు. హెల్పర్‌గా కాక కూడా అన్న పక్కన నిలబడ్డాడు. తిరిగి వచ్చేసరికి యంత్రం లోపల ఏమీ మిగిలేది కాదు. ముగ్గురు మనుషులు అన్నేళ్లు ఆ చాయ వల్ల బతికారు, ఎవరికీ అది పనిలో భాగమని తెలియకుండా. చాయ యంత్రం దగ్గరికే వచ్చాక కాక ఎక్కడికీ పోలేదు, ముల్లు గీతను తాకగానే బోల్టులు విప్పాడు.

“అన్నీ చెప్పిన వానికి,” అన్నాడు బాపు. “ఒక్కటి దాచలే. చాయ గూడ పనే అని నాకెట్ల తెల్వాలె?”

నేను ఇప్పటికీ ఆ మాట దగ్గరే ఉన్నాను. పనిచోట్లలో ముఖ్యమైన పనులు ఎలా జరుగుతాయో రాసిపెట్టాలని అనేవాళ్లు సాధారణంగా ఒకే కారణం చెబుతారు. తెలిసిన మనిషి వెళ్లిపోతే తెలివి కూడా వెళ్లిపోతుందని. నేనూ డుమస్‌లో భజియాలు తింటూ అదే చెప్పాను. కానీ ఇక్కడ తెలిసిన మనిషి ఎక్కడికీ పోలేదు. కాక ఇంటికి రెండు గల్లీల అవతల మంచం మీద ఉన్నాడు, రోజూ తమ్ముడితో మాట్లాడుతూనే ఉన్నాడు. తెలిసిందంతా చెప్పాడు కూడా. తెలిసిందే సగం. మిగతా సగం ఆయన కాళ్లలో ఉంది, గేటు దాకా నడిచే అలవాటులో ఉంది. దాన్ని అడిగితే రాదు. ఆ పని తెలియని మనిషి ఒకరు పక్కన నిలబడి, అడుగడుగూ చూసి, ఇప్పుడెటు పోతున్నావు, ఎందుకు పోతున్నావు అని అడిగి రాస్తేనే వస్తుంది. అలా ఒక్కరోజు చూసి రాసినా, ఎంతసేపు ఆగాలో తెలిసేది. అసలు అంతదాకా కూడా పోనక్కరలేదు. ఈ మీటర్ చెడిపోయింది, అయినా ఇలా నడుపుతున్నాం అన్న ఒక్క వాక్యాన్ని రాసి, దాని కింద సంతకం పెట్టమని అడిగి ఉంటే, మేనేజరు మర్నాడే మీటర్ మార్పించేవాడని నా నమ్మకం. నోటిమాటగా ఉన్నంతకాలం దానికి ఎవరూ జవాబుదారీ కాదు.

ఆ మిల్లులో రాయడం తెలియదని కూడా కాదు. ఏ రంగులో ఏ పొడి ఎంతో రాస్తారు. ఎన్ని తాన్లు ఎక్కాయో, ఎన్ని దిగాయో రాస్తారు. మనిషి ఎప్పుడు గేటు దాటాడో రాస్తారు. చాయ ఎక్కడ తాగాలో ముద్ర వేసి మరీ రాశారు. మూత ఎప్పుడు తీయాలో మాత్రం ఒక నోటి నుంచి ఇంకో చెవికి వదిలేశారు.

విచారణ అధికారి దగ్గరికి బాపు మేనేజరు కాగితం లేకుండానే వెళ్లాడు. తోడుగా నేను వెళ్లాను. వెళ్లేముందు దీనివల్ల ఏం కావచ్చో ఆయనకు చెప్పాను. నేర్పింది నువ్వే అని రాతలో ఉండిపోతుంది బాపూ అన్నాను. ఉండనీ అన్నాడు. అధికారి ఓపికగానే విన్నాడు. మొదటి గీతే సున్నా అని నేనే నా తమ్ముడికి నేర్పాను, వాడు అలాగే చేశాడు అని బాపు హిందీలో, తడబడకుండా చెప్పినప్పుడు ఆయన కలం ఆపి ఒకసారి తలెత్తి చూశాడు. ఆ వాక్యాన్ని చెప్పింది చెప్పినట్టు గుజరాతీలో రాసుకున్నాడు. చాయ దగ్గరికి వచ్చేసరికి చేయి అడ్డం పెట్టాడు. మూత ఎందుకు తెరిచాడన్నది విచారణ, బేటీ, చాయ ఎక్కడ తాగాడన్నది కాదు అన్నాడు. రెండూ ఒకటే సార్ అన్నాను. బీరువా దగ్గర చూసిందంతా మొదటి నుంచి చివరిదాకా, నాకు చేతనైనంత వరుసగా విప్పి చెప్పాను. ఏ పోటీలోనూ నేను అంత బాగా మాట్లాడలేదు. ఆయన తల ఊపి, ఒక వాక్యం రాశాడు.

చదివి వినిపించమన్నాను. పని మధ్యలో యంత్రాన్ని వదిలి చాయకు బయటికి వెళ్లే అలవాటు ఆపరేటర్లకు ఉండేది. అంతే. మేము చెప్పిన మాటలే, ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఆ వాక్యంలో చాయ మనుషులను కాపాడిన సంగతి పోయి, మనుషుల సోమరితనమొకటి పుట్టింది. ఇది కాదు మేము చెప్పింది అన్నాను. నువ్వు చెప్పింది ఇదే కదా అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. నేను సంతకం వద్దన్నాను. బాపు నా చేతిలోంచి కాగితం తీసుకున్నాడు.

“వాడు తొందరపడలేదని ఉన్నదా ఇండ్ల?”

“నువ్వు నేర్పినట్లే చేసిండని ఉన్నది.”

“గంతే చాలు,” అని తెలుగులో సంతకం పెట్టాడు.

ఆ తర్వాత జరిగినవి ఎవరైనా ఊహించగలిగినవే. మూడో నంబరుకు కొత్త మీటర్ వచ్చింది. చూపు తక్కువైన మనిషికి యంత్రం ఇవ్వలేమని మిల్లు బాపుతో చెప్పింది. చాయ ఇప్పటికీ యంత్రాల దగ్గరికే వెళ్తోందట. అది మంచి ఏర్పాటే, నేను కాదనను. మిగతా జెట్‌ల దగ్గర ఎవరి కాళ్లలో ఏ అలవాటు దాగి ఉందో ఎవరూ చూడలేదు.

చిన్నమ్మ పిల్లలను తీసుకుని సిరిసిల్లకు, తల్లిగారింటికి పోవడానికి నిశ్చయించుకుంది. పోయేముందు మా ఇంటికి వచ్చి, విచారణ ఆఫీసులో రాసుకున్నదాని నకలు నాతో చదివించుకుంది. నేను గుజరాతీ చూస్తూ తెలుగులో చదివాను. బాపు గది మూలలో, మంచం మీద ఉన్నాడు. ఆమె చివరిదాకా కదలకుండా విన్నది. అమ్మ పెట్టిన చాయ గ్లాసు ఆమె ముందే మీగడ కట్టింది.

“అయితే ఆయన తప్పు లేదు,” అంది.

లేదన్నాను.

“నువ్వు చెప్పినట్లే చేసిండు, బావా.”

అరుపు కాదు, నింద కూడా కాదు. లెక్క సరిచూసుకుని పైకి చదివినట్టుగా అంది. బాపు అవునన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు.

ఆమె నా వైపు తిరిగింది. ఆ కాగితం తనకు వద్దంది. పిల్లలు పెద్దగయినంక అడుగుతరు, అప్పటికి తెలుగు చదవడం నేర్చుకుంటరు, జరిగింది జరిగినట్లు తెలుగుల రాసియ్యి అంది. చాయ సంగతి ఆఫీసోళ్లు రాసినట్లు కాదు, మీ బాపు చేసి చూపించినప్పుడు నువ్వు చూసినట్లు రాయమంది. నేను అక్కడే నేల మీద కూర్చుని మొదలుపెట్టాను. యంత్రం గురించి రాశాను. చెడిపోయిన మీటర్ గురించి, మార్చమని అడిగితే మార్చకపోవడం గురించి రాశాను. మొదటి గీతే సున్నా అని ఆయనకు నేర్పింది అని రాసి, కలం ఆపాను. ఆ వాక్యం ఒక పేరు అడుగుతోంది.

తలెత్తాను. చిన్నమ్మ గోడ వైపు చూస్తోంది. తర్వాత మూల నుంచి బాపు గొంతు వినిపించింది.

“రాయి, బిడ్డా.”

రాశాను. చిన్నమ్మ కాగితాన్ని మడిచి రవికలో పెట్టుకుని, అమ్మకు చెప్పి, మంచం వైపు చూడకుండా గుమ్మం దాటింది.